ఉప్పు నేల, ఎర్తు బోల్టు – కొంత చరిత్ర, కొంత అనుభవం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు కోరినప్పుడు ముందు తప్పించుకుందామనే చూశాను. సబ్‌స్టేషన్లు కట్టినవారు, కొండల మీద టవర్లు నిలబెట్టినవారు మన సంఘంలో ఎందరో ఉన్నారు. పెద్ద సంగతులు వారు రాస్తారు. నా ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం బందరు, గుడివాడ, దివిసీమల మధ్యనే గడిచింది. అక్కడ నాకు అందరికంటె ఎక్కువ పాఠం చెప్పినది ఒక అర అంగుళం బోల్టు. ఎర్తు పైపునూ, దాని మీదికి వచ్చే తీగనూ కలిపి పట్టుకునే బోల్టు. దాని గురించే రాస్తాను. ఇంట్లో పిల్లలు కూడ చదువుతారు గనుక సాంకేతిక విషయాలు వీలైనంత తేటగా చెప్పే ప్రయత్నం చేస్తాను. తెలిసిన మిత్రులు విసుక్కోవద్దని మనవి.

ముందు మన నేల సంగతి చెప్పాలి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. గుడివాడ వైపు నల్లరేగడి, బందరు దాటి సముద్రం వైపు పోయేకొద్దీ చవిటి నేల. బారెడు తవ్వితే నీరు, ఆ నీటిలో ఉప్పు. ఎర్తుకు ఇంతకంటె మంచి నేల ఉండదు. నా సర్వీసు తొలిరోజుల్లో కృష్ణా జిల్లాలోనే ఉన్న నూజివీడు, తిరువూరు వైపు గరపనేలల్లో రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు పాతితే ఎర్తు మెగ్గరు ముల్లు వంద ఓముల దగ్గర నిలబడిపోయేది. బొగ్గు పోసి, ఉప్పు పోసి, నీళ్ళు పోసి, ఇంకో రెండు పైపులు పాతినా తృప్తి ఉండేది కాదు. అదే పైపు నాగాయలంకలోనో కోడూరులోనో పాతితే ఒక ఓము చుట్టుపక్కల వచ్చేది. ఉప్పునీరు ఇంకిన బంకమట్టి నిరోధం కొద్ది ఓమ్-మీటర్లు; ఎండిన గరపనేలది వందల్లో. అందుచేత డెల్టాలో పనిచేసే మాకు ఎర్తు గురించి బెంగ ఉండేది కాదు. ఆ బెంగ లేకపోవడమే మా జబ్బు.

ఊరూరా కరెంటు 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తర్వాత జోరందుకున్నది. ప్రతి ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెకూ ఎర్తు గుంటలు, ప్రతి గుంటకూ ఒక పైపు, ప్రతి పైపు తలమీదా బోల్టులు. డ్రాయింగులో పైపు పొడవు ఉండేది, వ్యాసం ఉండేది. ఎర్తింగు గురించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 3043 అప్పటికే 1966లో వచ్చింది. అందులో జి.ఐ. పైపు లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకూ, పొడవు రెండున్నర మీటర్లకూ తగ్గకూడదని చెప్పారు. బోల్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మేము స్టోర్సు సంచిలో చేతికి ఏది తగిలితే అది వేసేవాళ్ళం. నల్ల బోల్టు, తెల్ల బోల్టు, ఒక్కోసారి పాత స్విచ్ఛిబోర్డు నుంచి ఊడదీసిన ఇత్తడి బోల్టు. ఇది ఎవరి తప్పు అని కాదు. బోల్టు కూడ ఆలోచించి ఎంచుకోవలసిన వస్తువని మాకు తట్టలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ వాళ్ళకు ఆ తేదీ చెబితే చాలు. ఉప్పెన మీద చాలామంది చాలా రాశారు, మళ్ళీ రాయను. అధికారిక లెక్కల్లోనే పదివేల దాకా ప్రాణాలు పోయాయి. అప్పటికి నేను సర్వీసులో చేరి ఏడాదిన్నర. లైన్లు మళ్ళీ నిలబెట్టే పనికి మమ్మల్ని పంపారు. సొర్లగొంది, హంసలదీవి వైపు వెళ్ళినప్పుడు చూసినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో రాయగలిగినది ఇది ఒకటి. ఉప్పెన వెనక్కు పోతూ ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె చుట్టూ మట్టిని కోసుకుపోయింది. ఎన్నడూ కంటికి కనపడని ఎర్తు పైపు నడుము దాకా బయటపడి నిలుచున్నది. పైపు మీద జింకు పూత ఇంకా మెరుస్తున్నది. తల దగ్గర తీగ లేదు. తీగను పట్టుకునే బోల్టు కన్నంలో ఎర్రటి పొడి మాత్రం ఉన్నది. వేలుపెట్టి గీరితే రాలిపోయింది. అది ఉప్పెనకు ఊడినది కాదు, అంతకు ముందెప్పుడో పోయినది.

నాతో ఉన్న లైన్ ఇనస్పెక్టరు గారు రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి. ఆయన అన్నమాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "బాబూ, పైపుకు ఎప్పుడూ కాళ్ళ దగ్గర రోగం రాదు, మెడ దగ్గరే వస్తుంది. మనం కాళ్ళు చూసి సంతకం పెడతాం" అన్నారు. దాని కారణం తర్వాత పుస్తకాలు చూసి తెలుసుకున్నాను. తుప్పు పట్టాలంటే తడి కావాలి, గాలి కూడ కావాలి. లోతు బురదలో తడి ఉంటుంది గాని గాలి అందదు. పైన గాలి ఉంటుంది గాని ఎండకు ఆరుతుంది. నేల మట్టానికి జానెడు కిందా జానెడు పైనా రెండూ దొరుకుతాయి, ఉప్పు అదనం. సరిగ్గా అక్కడే మనం బోల్టు బిగిస్తాం.

బోల్టు చేసే పని గురించి మనలో చాలామందికి ఒక అపోహ ఉండేది. కరెంటు బోల్టు గుండా పోతుందనీ, కాబట్టి మంచి వాహకం అయిన ఇత్తడి వేస్తే మంచిదనీ అనుకునేవాళ్ళం. కాదు. కరెంటు పోయేది ఒకదానికొకటి అతుక్కున్న రెండు ముఖాల గుండా. బోల్టు పని ఆ రెండు ముఖాలనూ గట్టిగా అదిమి పట్టడం. పట్టు సడలితే సందులోకి ఉప్పునీరు చేరుతుంది, చిలుము పడుతుంది, దారి మూసుకుపోతుంది. కాబట్టి బోల్టుకు కావలసినది బలం, తుప్పు పట్టని గుణం. వాహకత్వం తర్వాతి మాట.

ఇక రెండు వేర్వేరు లోహాలు తడిలో తగిలితే ఏమవుతుందన్నది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఇది ఎప్పటినుంచో తెలుసు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఏమవుతుందో వాళ్ళు చెబుతారు. బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు బంగారు పూత పెట్టేవారికీ తెలుసు. తొట్టిలో రెండు లోహాలు వేలాడదీసి కరెంటు ఇస్తే ఒకచోటి లోహం ఇంకోచోటికి చేరుతుంది. మన ఎర్తు గుంటలో కరెంటు ఎవరూ ఇవ్వనక్కరలేదు. రాగీ జింకూ తడి ఉప్పుమట్టిలో తగిలితే అదే బ్యాటరీ, అదే కరెంటు పుట్టించుకుని జింకును తినేస్తుంది. జింకు అయిపోయాక లోపలి ఇనుమును తింటుంది.

ఈ సంగతి ప్రపంచానికి తెలియజెప్పినవి ఓడలు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వారి గ్లోబ్ అనే ఓడ మన బందరు రేవుకు వచ్చిందని చరిత్రలో చదువుకున్నాం. ఆ కాలపు చెక్క ఓడలకు సముద్రపు పురుగు పెద్ద శత్రువు. దాన్ని అడ్డుకోవడానికి 1761లో బ్రిటిషు నౌకాదళం వారు అలార్మ్ అనే యుద్ధనౌక అడుగుకు రాగిరేకు తాపడం చేశారు, ఇనుప మేకులతో. ఓడ వెస్టిండీసు వెళ్ళి తిరిగివచ్చాక చూస్తే రాగిరేకు బాగానే ఉంది, మేకులు తినేసి ఉన్నాయి. విచిత్రమేమిటంటే కొన్ని మేకులు చెక్కుచెదరలేదు. రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ముక్కలు ఆ మేకుల కింద ఇరుక్కుపోయి రాగికీ ఇనుముకీ మధ్య అడ్డుగా నిలిచాయి! గాల్వానీ, వోల్టాల ప్రయోగాలు ఇంకా జరగలేదు గనుక కారణం ఎవరూ చెప్పలేకపోయారు. 1780లలో నౌకాదళం ఇనుప బోల్టులు మాని రాగి మిశ్రమపు బోల్టులకు మారింది. 1824లో సర్ హంఫ్రీ డేవీ దీన్ని తిరగవేసి, మన కొచ్చిన్‌లో కట్టిన సమరాంగ్ అనే ఓడ రాగి అడుగుకు కావాలనే ఇనుప ముక్కలు తగిలించాడు. ఇనుము తాను కరిగి రాగిని కాపాడింది. 1837లో ఫ్రాన్సులో సొరెల్ ఇనుముకు జింకు పూత పట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన జి.ఐ. పైపుకు తాత అతనే.

ఈ కథలో మన బోల్టుకు పనికివచ్చేది ఒక్కటి. అలార్మ్ ఓడలో రాగిరేకు విస్తీర్ణం పెద్దది, మేకు చిన్నది. పెద్ద రాగి అంతా కలిసి చిన్న మేకును తిన్నది. అదే పెద్ద ఇనుప పలక మీద చిన్న రాగి మేకు ఉండి ఉంటే అంత వేగంగా నష్టం జరిగేది కాదు. అంటే బోల్టు లోహం, అది పట్టుకున్న పెద్ద లోహంతో సమానంగానో అంతకంటె పైమెట్టులోనో ఉండాలి. కిందిమెట్టులో ఉండకూడదు. రాగి పట్టీకి జి.ఐ. బోల్టు వేయడమంటే అలార్మ్ ఓడకు ఇనుప మేకు వేసినట్టే.

ఈ మాట నేను పుస్తకంలో చదవడానికి ముందే ఒక మనిషి దానికి మూల్యం చెల్లించాడు. రాయకుండా ఉండవచ్చు. కానీ ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోను?

1984లో గుడివాడ దగ్గర ఒక బియ్యపు మిల్లు తనిఖీకి వెళ్ళాను. ఉప్పుడుబియ్యం మిల్లు. ఆవిరి, తవుడు దుమ్ము, ఎప్పుడూ చెమ్మ. 1956 నాటి విద్యుత్ నిబంధనల ప్రకారం మోటారు బాడీకి రెండు విడివిడి ఎర్తులు ఉండాలి. ఇక్కడ రెండు రాగి పట్టీలు కనపడుతున్నాయి. గుంట దగ్గర మెగ్గరు పెట్టి చూస్తే ఒక ఓముకు లోపే వచ్చింది. "రెండు ఎర్తులు ఉన్నవి, విలువ తృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను. మిల్లు యజమాని ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఆరు నెలల తర్వాత ఆ మోటారు వైండింగు కాలి బాడీకి కరెంటు వచ్చింది. బస్తా దింపుతూ ఒక హమాలీ చెయ్యి మోటారుకు ఆన్చాడు. పక్కనున్నవాడు మెయిన్ లాగడం వల్ల ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి. వెళ్ళి చూస్తే సంగతి బయటపడింది. రెండు పట్టీలూ విడివిడిగా వచ్చి చివరకు మోటారు కాలి దగ్గర ఒకే బోల్టు కిందికి దూరాయి. అది పలుచటి జింకు మెరుగు పెట్టిన మామూలు ఇనుప బోల్టు. పైన రంగు వేశారు. రంగు కింద బోల్టు తల ఉన్నది గాని కాడ లేదు. పట్టీలు రంగు పట్టు మీద నిలబడ్డాయి. ఎర్తు దారి తెగకుండా ఉంటే వంద ఆంపియర్లు దాటి ప్రవహించి ఫ్యూజు క్షణంలో పోయేది. మనిషి ఒంటి గుండా పోయేది పావు ఆంపియరు. మనిషిని చంపడానికి అది చాలు. ఫ్యూజుకు మాత్రం ఆ సంగతి తెలియనే తెలియదు.

నన్నెవరూ ఏమీ అనలేదు. మిల్లులో లోపలి వైరింగు యజమాని బాధ్యత, కాగితాల ప్రకారం నా పని సక్రమం. నేను మాత్రం ఆ హమాలీ ఇంటికి వెళ్ళాను. అతను మంచం మీద లేవబోయి "రండి బాబుగారూ, కూర్చోండి" అన్నాడు. కూర్చోలేకపోయాను. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు, గుంట దగ్గర మాత్రమే మెగ్గరు పెట్టి సంతకం చేయలేదు. మోటారు బాడీ నుంచి గుంట దాకా దారి ఉన్నదా లేదా చూసేవాణ్ణి. ప్రతి బోల్టుకూ పానా వేయించేవాణ్ణి. నా వెనక హెల్పర్లు "పానా సారు" అనేవారని తర్వాత తెలిసింది.

అప్పటినుంచే బోల్టుల మీద పడ్డాను. ముందు ఇత్తడి వైపు మొగ్గాను, అదీ తప్పే అయింది. తేమగా ఉండే ఉప్పు చోట ఇత్తడిలోని జింకు మెల్లగా కరిగిపోతుంది, మిగిలిన రాగి స్పంజిలాగా పెళుసుబారుతుంది. పైకి ఎర్రబడి కనిపిస్తుంది, పానా వేస్తే పుటుక్కుమంటుంది. ఇంకొక ప్రమాదమూ ఉంది. బ్రిటిషు సైన్యం ఈ దేశంలో వానాకాలం ఇత్తడి తూటా గొట్టాలను గుర్రపుశాలల దగ్గర నిలవ చేస్తే వాటంతటవి పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కారణమని 1921 ప్రాంతంలో తేల్చారు. మన పల్లెల్లో మోటారు స్టార్టరు ఉండేది ఎక్కడ? పశువుల కొట్టం గోడకి. దాని కింద యూరియా బస్తాలు! బిగించి పట్టిన ఇత్తడి బోల్టుకు అంతకంటె చెడ్డ చోటు ఉండదు.

జి.ఐ. ఫ్లాటుకు జి.ఐ. బోల్టు సరైనదే, అయితే అది నిజంగా జి.ఐ. అయితేనే. బజారులో తెల్లగా తళతళలాడేవి చాలావరకు ఎలక్ట్రోప్లేటింగు చేసినవి. వాటి మీద జింకు అయిదు నుంచి పన్నెండు మైక్రాన్లు. కరిగిన జింకులో ముంచి తీసిన బోల్టు మీద దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. కంటికి అది మందకొడిగా, బూడిదరంగుగా, కొంచెం గరుకుగా కనిపిస్తుంది. పెళ్ళిచూపుల్లో అది ఓడిపోయి తళతళలాడేది నెగ్గేది. ఇంకో చిక్కు. పూత మందంగా ఉండటం వల్ల మామూలు నట్టు దానికి ఎక్కదు. నట్టు మరలను కొంచెం వెడల్పుగా కోయాలి. అది తెలియక మావాళ్ళు బోల్టుకే డై వేసి మరలు శుభ్రం చేసేవారు. డబ్బుపెట్టి కొన్న జింకంతా చక్కగా గీరి కింద పారబోసేవారన్నమాట. నేనూ చేయించాను.

1990 మే 9న తుపాను మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. జనాన్ని ముందే తరలించడం వల్ల 1977తో పోలిస్తే ప్రాణనష్టం చాలా తక్కువ, అయినా దాదాపు వెయ్యిమంది పోయారు. ఆ పునరుద్ధరణ పనిలో నేను ఒక లెక్క పెట్టుకుని తిరిగాను. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక చుట్టుపక్కల నేను బిగించిన ఎర్తులు ఎలా ఉన్నాయి అని. ముంచిన బోల్టులు చాలావరకు నిలిచాయి. తళతళలాడినవి పోయాయి. అన్నిటికంటె బాగున్నవి బోల్టు లేనివి. అంటే ఫ్లాటును పైపుకు వెల్డింగు చేసి, వెల్డింగులో కాలిన జింకు స్థానంలో తారు పూసినవి. ఆ తర్వాత నేల కింద బోల్టు వేయించలేదు. కింద అంతా వెల్డింగు. పరీక్ష కోసం విప్పవలసిన ఒక్క జాయింటు మాత్రం నేలకు మూరెడు పైన, కంటికి కనపడేచోట. సగం సమస్య అక్కడే తీరింది. గుంటలో ఉప్పు పోయడం కూడ మానిపించాను. దివిసీమ మట్టిలో ఉప్పు పోయడం సముద్రంలో ఉప్పు కలపడమే, పైపు ఆయుష్షు తగ్గడం తప్ప ఫలితం లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు మాకు తేలికగా దొరకడం ఆలస్యంగా మొదలైంది. విజయవాడ నుంచి తెప్పించుకునేవాళ్ళం. ఖరీదు చూసి పైవాళ్ళు మొహం చిట్లించేవారు. జి.ఐ. ఫ్లాటు పెద్దది, స్టీలు బోల్టు చిన్నది, పైమెట్టులోనిది, కనుక ఓడ లెక్క ప్రకారం సరిపోతుంది. రాగి పట్టీకీ సరిపోతుంది. రాగినీ జి.ఐ.నీ కలపవలసివస్తే రాగి ముఖానికి తగరం కళాయి పెట్టాలి. మన వంటింటి వైద్యమే. స్టీలులోనూ రెండు రకాలు. బోల్టు తల మీద ఏ2 అని ఉంటే 304 రకం, ఏ4 అని ఉంటే 316 రకం. రెండోదానిలో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుగాలికి తట్టుకుంటుంది. గుడివాడలో ఏ2 చాలు. బందరు రేవు వైపు, దివిసీమ చివర ఏ4 కావాలి. అక్కడ ఏ2 మీద ఒకటి రెండేళ్ళలో టీ మరకల్లాంటివి పడతాయి. అయస్కాంతంతో ఈ రెండిటి తేడా తెలియదు, తల మీద అక్షరమే చూడాలి. స్టీలు నట్టు స్టీలు బోల్టు మీద పొడిగా బిగిస్తే మరలు ఒకదానికొకటి కరుచుకుని ఇక రానే రావు. చిటికెడు గ్రీజు రాయాలి. వాషరు కూడ అదే లోహం కావాలి. మంచి బోల్టు కొని రూపాయి ఇనుప వాషరు వేస్తే ముందు వాషరు పొడి అవుతుంది, పట్టు సడలుతుంది. ఈ తప్పు నేటికీ చూస్తున్నాను.

ఎక్కడ అంటే రొయ్యల చెరువుల దగ్గర. మనలో చాలామంది పిల్లలు, అల్లుళ్ళు ఇప్పుడు ఆ వ్యాపారంలో ఉన్నారు కనుక చెబుతున్నాను. నీళ్ళలో ఏరియేటర్లు తిరుగుతూ ఉంటాయి, గట్టు మీద స్టార్టర్లు, తడి కాళ్ళతో పనివాళ్ళు. 1956 నిబంధనల స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వారి భద్రతా నిబంధనలు వచ్చాయి, 2023లో మళ్ళీ సవరించి కొత్తవి ఇచ్చారు. ఐ.ఎస్. 3043 కూడ 1987లో ఒకసారి, 2018లో ఒకసారి కొత్తరూపు దాల్చింది. రెండు విడివిడి ఎర్తుల సూత్రం మాత్రం మారలేదు. కిందటి సంవత్సరం నాగాయలంక దగ్గర మా అల్లుడి చెరువుకు వెళ్ళినప్పుడు పానా అడిగాను. "మావయ్యగారూ, ఎర్తు చాలా బాగుందండీ, ఎలక్ట్రీషియను చూసి అర ఓము అన్నాడు" అన్నాడు. ఎక్కడ చూశాడని అడిగితే, గుంట దగ్గర అన్నాడు. పన్నెండు స్టార్టర్ల బోల్టులకు పానా వేశాం. మూడింటి తలలు చేతిలోకి వచ్చాయి. ఆ సాయంత్రమే విజయవాడ మనిషిని పంపి ఏ4 బోల్టులు, వాషర్లతో సహా తెప్పించాడు. ఊడివచ్చిన మూడు తలలూ నేను జేబులో వేసుకుని బందరు తెచ్చుకున్నాను. 1984 నాటి మిల్లు బోల్టు తల పక్కనే నా బల్ల సొరుగులో ఉన్నాయి.